న్యాయ సహాయ సంస్థకు అండగా నిలవాలంటే: డబ్బు ఇవ్వాలా, సమయం ఇవ్వాలా?

పేదల తరఫున ఉచితంగా కేసులు నడిపే సంస్థలకు తమ వంతుగా ఏదైనా చేయాలనుకునేవాళ్లు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: డబ్బు పంపితే మేలా, వెళ్లి పని చేస్తే మేలా? నేను న్యాయవాదిని కాను. కొన్నేళ్లుగా అలాంటి ఒక సంస్థకు నెలనెలా కొంత సొమ్ము పంపుతున్నాను, వారానికి ఒక పూట వెళ్లి అక్కడ పని చేస్తున్నాను. రెండూ చేసి చూశాను కాబట్టి నా జవాబు ముందే చెబుతాను. వారానికి ఒక పూట చొప్పున కనీసం ఏడాదిపాటు మానకుండా రాగలనన్న నమ్మకం మీకుంటే పనిలోకి దిగండి. ఆ నమ్మకం లేకపోతే డబ్బుతో మొదలుపెట్టండి. చిన్న మొత్తమైనా సరే, నెలనెలా పంపండి, ఫలానా దానికే వాడాలన్న షరతు పెట్టకండి.

ఇందులో మినహాయింపులు ఉన్నాయి, వాటిని కూడా చెబుతాను. అయితే ముందుగా కేసుకు పట్టే కాలం గురించి మాట్లాడుకోవాలి. మిగతా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

వార్తల్లో లేని పన్నెండేళ్లు

1985లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఆంథొనీ రే హింటన్ అనే నల్లజాతి యువకుణ్ణి హత్య కేసుల్లో అరెస్టు చేశారు. అతని తల్లి ఇంట్లో దొరికిన రివాల్వర్ నుంచే తూటాలు వెలువడ్డాయన్నది ప్రాసిక్యూషన్ వాదన. కేసంతా దాని మీదే నిలబడింది. ఆ వాదనను ఎదుర్కోవాలంటే తూటాలను పరీక్షించి కోర్టులో చెప్పగల నిపుణుడు కావాలి. కోర్టు నియమించిన న్యాయవాది, నిపుణుడి కోసం వెయ్యి డాలర్లకు మించి అడగడం కుదరదని పొరబడ్డాడు. నిజానికి అప్పటికే చట్టం మారింది, ఎక్కువ అడిగే వీలుంది. ఆ వెయ్యి డాలర్లకు వచ్చిన నిపుణుడికి ఒక కన్ను కనిపించదు. సూక్ష్మదర్శినిని సరిగా వాడలేకపోయిన సంగతిని ప్రాసిక్యూటర్ జూరీ ముందే బయటపెట్టాడు. హింటన్‌కు మరణశిక్ష పడింది.

తర్వాత, న్యాయవాది బ్రయాన్ స్టీవెన్సన్ 1989లో స్థాపించిన ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే న్యాయ సహాయ సంస్థ ఆ కేసును చేతికి తీసుకుంది. 2002లో ముగ్గురు పేరున్న నిపుణులు ఆ తూటాలు ఆ రివాల్వర్ నుంచి వచ్చాయని చెప్పడానికి వీల్లేదని కోర్టులో సాక్ష్యం ఇచ్చారు. అయినా తలుపులు తెరుచుకోలేదు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు, నిపుణుడి ఖర్చు విషయంలో న్యాయవాది చేసిన పొరపాటును తప్పుపట్టింది. 2015 ఏప్రిల్‌లో హింటన్ బయటికి వచ్చాడు. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

2002కూ 2014కూ మధ్య ఉన్న పన్నెండేళ్లను చూడండి. నిపుణులు చెప్పవలసింది చెప్పేశారు, కోర్టులు వినడం లేదు. అలాంటి కాలంలో పత్రికలకు రాయడానికి ఏమీ ఉండదు. కానీ సంస్థ ఆఫీసు అద్దె కట్టాలి, న్యాయవాదికి జీతం ఇవ్వాలి, అప్పీళ్లు తయారు చేయాలి, జైలుకు వెళ్లి వస్తూ ఉండాలి. ఏ దేశంలోనైనా న్యాయ సహాయ సంస్థ బతుకు ఇలాగే ఉంటుంది. తీర్పు వచ్చిన రోజు విరాళాలు వెల్లువెత్తుతాయి. తీర్పు రాని సంవత్సరాల్లో నెలనెలా వచ్చే చిన్న మొత్తాలే దాన్ని నిలబెడతాయి.

ముందు ఏ తరహా సంస్థో తేల్చుకోండి

న్యాయ సహాయం అనే ఒకే పేరు కింద నాలుగైదు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. మీ డబ్బో సమయమో ఎక్కడ బాగా అతుకుతుందన్నది ఆ పనిని బట్టి మారుతుంది.

మొదటి తరహా సంస్థలు వ్యక్తుల కేసులు చూస్తాయి. ఇల్లు ఖాళీ చేయించడం, జీతం ఎగ్గొట్టడం, గృహహింస, పిల్లల సంరక్షణ, పింఛను నిలిపివేత లాంటివి. చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే ఖైదీ జైలు నుంచి పెన్సిలుతో రాసి పంపిన పిటిషన్ మీద 1963లో అమెరికా సుప్రీంకోర్టు, తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొంటున్న పేదవాడికి ప్రభుత్వమే న్యాయవాదిని ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఎంతో గొప్ప తీర్పు. కానీ అది క్రిమినల్ కేసులకే. ఇల్లు పోతున్న మనిషికి, బిడ్డ దూరమవుతున్న తల్లికి అదే హామీ దొరకలేదు. ప్రభుత్వ న్యాయ సహాయం ఎక్కడ ఆగిపోతుందో అక్కడే స్వచ్ఛంద సంస్థల అవసరం మొదలవుతుంది. కాబట్టి మీ దేశంలో ఆ గీత ఎక్కడుందో తెలుసుకుంటే సంస్థను ఎంచుకోవడం సగం తేలిక అవుతుంది. ఈ తరహా సంస్థలకు డబ్బు, మనుషులు రెండూ కావాలి. న్యాయవాది కానివారికి పని దొరికేది ఎక్కువగా ఇక్కడే.

రెండో తరహా, ఒక్క కేసుతో వేలమందికి వర్తించే నియమాన్ని మార్చాలని చూసే సంస్థలు. భారతదేశంలో 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు దీనికి మంచి ఉదాహరణ. బిహార్ జైళ్లలోని విచారణ ఖైదీల గురించి పత్రికలో వచ్చిన కథనాలు చూసి న్యాయవాది కపిలా హింగోరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ మీద మోపిన నేరం రుజువైనా పడే గరిష్ఠ శిక్షకన్నా ఎక్కువ కాలం, విచారణే జరగకుండా లోపల గడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. దక్షిణాఫ్రికాలో 2002లో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ఉద్యమ సంస్థ గెలిచిన కేసు మరొకటి. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే నెవిరపిన్ మందును ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందుబాటులో ఉంచాలని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించింది. కోర్టులో ఆ ఉద్యమ సంస్థ తరఫున నిలిచిన లీగల్ రిసోర్సెస్ సెంటర్ 1979 నుంచి ఉన్న సంస్థ. ఈ పనిలో సాధారణ స్వచ్ఛంద కార్యకర్తకు చోటు తక్కువ. పరిశోధన, గణాంకాలు, అనువాదం చేయగలవారికి ఉంటుంది. మిగతావారికి డబ్బే దారి. గెలుస్తారన్న హామీ ఉండదు. ఓడిపోయే అవకాశాన్ని ఒప్పుకునే ఇవ్వాలి.

మూడో తరహా, తప్పుడు శిక్ష పడినవారిని విడిపించే సంస్థలు. న్యూయార్క్‌లో బ్యారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ 1992లో మొదలుపెట్టిన ఇన్నొసెన్స్ ప్రాజెక్ట్ దీనికి దారి చూపింది. డీఎన్‌ఏ పరీక్ష, పాత ఆధారాల గాలింపు, సాక్షుల కోసం వెతుకులాట. ఒక్కో కేసుకు ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ. ‘మా విరాళంతో ఎంతమంది విడుదలయ్యారు’ అని ఏటా లెక్క అడిగేవారికి ఈ తరహా సంస్థ సరిపడదు.

నాలుగోది జామీను నిధి. డబ్బు కట్టలేక జైల్లో ఉండిపోయినవారికి జామీను కట్టి బయటికి తెస్తారు. నిందితుడు వాయిదాలకు హాజరైతే కేసు ముగిశాక ఆ సొమ్ము తిరిగి వస్తుంది, దానితో ఇంకొకరిని విడిపిస్తారు. న్యూయార్క్‌లో 2007లో పుట్టిన బ్రాంక్స్ ఫ్రీడమ్ ఫండ్ ఇలా పని చేసింది. ఒకే విరాళం పలుమార్లు ఉపయోగపడటం దీనిలోని ఆకర్షణ. ఉద్యోగం ఉన్న మనిషి వారం రోజులు లోపల ఉంటే ఆ ఉద్యోగం పోతుంది, అద్దె ఆగుతుంది, పిల్లలు చెల్లాచెదురవుతారు. అందుకే ఇక్కడ వేగానికి విలువ ఎక్కువ. అయితే జామీనును నగదుగా కట్టించుకునే పద్ధతి ఉన్నచోటే ఈ నిధి పని చేస్తుంది. పూచీదారుల హామీ పత్రాలతో నడిచే వ్యవస్థలో పూచీగా నిలిచే మనిషి కావాలి, నిధి ఉన్నా సరిపోదు. ఇంకో అభ్యంతరమూ ఉంది: తాము తప్పని చెప్పే పద్ధతికే డబ్బు కడుతున్నారు కదా అని. నా మటుకు నేను, జామీను కడుతూనే ఆ పద్ధతిని మార్చమని కోర్టులోనూ చట్టసభలోనూ పోరాడే సంస్థనే ఎంచుకుంటాను.

ఐదోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, విరాళాలిచ్చేవారి కంటికి అన్నిటికన్నా తక్కువ కనిపించేది. న్యాయవాదులు కాని, చట్టంలో కొంత శిక్షణ పొందిన స్థానికులతో పని చేయించడం. వీళ్లను పారాలీగల్ అంటారు. పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్‌లో 2003లో టిమాప్ ఫర్ జస్టిస్ అనే సంస్థ మొదలైనప్పుడు దేశం మొత్తానికీ ఉన్న న్యాయవాదులు దాదాపు వందమంది, వాళ్లలోనూ ఎక్కువమంది రాజధానిలోనే. పల్లెలో భూమి పోయినవాడు, భర్త వదిలేసిన ఇల్లాలు వకీలు కోసం ఎక్కడికి వెళ్లాలి? శిక్షణ పొందిన ఊరివాళ్లే అర్జీలు రాశారు, రాజీలు కుదిర్చారు, అధికారుల వెంట పడ్డారు. అవసరమైనప్పుడు మాత్రం వెనకున్న న్యాయవాది కోర్టుకు వెళ్లాడు. 2012లో ఆ దేశం చేసిన న్యాయ సహాయ చట్టం పారాలీగల్స్‌ను గుర్తించింది. ఆఫ్రికాలోనే మలావీలో 2000 నుంచి పారాలీగల్స్ జైళ్లలోకి వెళ్లి, జామీను ఎలా అడగాలో ఖైదీలకు చిన్న నాటకాలు ఆడించి నేర్పారు. జడ్జిగా ఒక ఖైదీ, నిందితుడిగా ఇంకో ఖైదీ. తక్కువ డబ్బు ఎక్కువ దూరం వెళ్లేది ఇలాంటి చోటే అని నా అభిప్రాయం.

డబ్బు ఇచ్చేటప్పుడు

ఒకేసారి పెద్ద మొత్తమా, నెలనెలా కొంచెమా అన్న ప్రశ్నకు నా జవాబు పైనే చెప్పాను. కొత్త న్యాయవాదిని పనిలోకి తీసుకోవాలంటే సంస్థ వచ్చే ఏడాది కూడా జీతం ఇవ్వగలనని తెలుసుకోవాలి. ఈ ఏడాది వచ్చి వచ్చే ఏడాది రాని పెద్ద విరాళంతో ఆ ధైర్యం రాదు. మధ్యలో న్యాయవాదిని తీసేస్తే నష్టపోయేది జీతం పోయిన న్యాయవాది ఒక్కడే కాదు. అతని బల్ల మీదున్న నలభై ఫైళ్లు కొత్త చేతుల్లోకి వెళ్తాయి, ప్రతి కక్షిదారూ తన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. కొట్టించుకున్న విషయాన్ని ఒక స్త్రీ రెండోసారి, మూడోసారి అపరిచితుల ముందు చెప్పడం ఎలా ఉంటుందో నేను పక్క కుర్చీలో కూర్చుని చూశాను.

పెద్ద మొత్తం ఇచ్చే స్తోమత ఉన్నవాళ్లు దాన్ని మూడు నాలుగేళ్లకు పంచి, ఆ మాట ముందే రాసి ఇస్తే సంస్థకు ఎంతో మేలు.

వార్తను చూసి కదిలి ఇచ్చే విరాళం గురించి కూడా ఒక మాట. 2020లో అమెరికాలో ఒక పోలీసు అధికారి చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి హత్యకు గురైన తర్వాత మిన్నెసోటా ఫ్రీడమ్ ఫండ్ అనే చిన్న జామీను నిధికి కొన్ని వారాల్లోనే మూడు కోట్ల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. ఇక మాకు వద్దు, ఇతర సంస్థలకు ఇవ్వండని వాళ్లే కోరవలసి వచ్చింది. ఇచ్చినవాళ్ల మనసు గొప్పదే. కానీ అదే సమయంలో అదే తరహా పని చేస్తూ, పేరు వార్తలోకి రాని సంస్థలు ఎన్నో ఉండి ఉంటాయి. ఏదైనా సంఘటన మిమ్మల్ని కదిలిస్తే ఆ రోజే డబ్బు పంపడం కన్నా, ఆ సమస్య మీద పదేళ్లుగా పని చేస్తున్నది ఎవరో వెతకండి. రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

షరతుల విషయానికి వస్తే, ‘నా డబ్బు కేసులకే వాడాలి, ఆఫీసు ఖర్చులకు వద్దు’ అనేవాళ్లు చాలామంది. వాళ్ల ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ న్యాయ సహాయంలో కేసు ఖర్చునూ ఆఫీసు ఖర్చునూ విడదీసే గోడ లేదు. వాయిదా తేదీలు తప్పిపోకుండా చూసే గుమాస్తా జీతం ఏ పద్దు కిందికి వస్తుంది? కక్షిదారు రహస్యాలు బయటపడకుండా ఫైళ్లు దాచే కంప్యూటర్ వ్యవస్థ? ఫోను ఎత్తే మనిషి? ఆ ఫోను ఎత్తేవాళ్లు లేకపోతే కేసే సంస్థ దాకా రాదు. పరిపాలన ఖర్చు శాతం ఒక్కదాన్నే చూసి సంస్థను అంచనా వేయవద్దని అమెరికాలో విరాళ సంస్థల వివరాలు దాతలకు చూపే, వాటికి మార్కులు వేసే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్ లాంటివే 2013లో దాతలకు బహిరంగ లేఖ రాశాయి. కొలిచేవాళ్లే ఆ కొలబద్ద చాలదన్నారు.

షరతు పెట్టడం సబబైన సందర్భం ఒకటుంది. సంస్థే ఒక ప్రత్యేక నిధి తెరిచి ఉంటే, అంటే నిపుణుల ఫీజు, దుభాషీల ఖర్చు, కక్షిదారుల ప్రయాణ ఖర్చులు లాంటివాటికి, దానికి ఇవ్వండి. హింటన్ కేసులో విచారణప్పుడు చాలినంత అందనిది నిపుణుడి ఫీజే కదా.

ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థకు ఇవ్వాలా, వాటిని తీసుకోని సంస్థకు ఇవ్వాలా అన్నది కూడా ఆలోచించవలసిన సంగతే. అమెరికాలో న్యాయ సహాయానికి ప్రభుత్వ నిధులు పంచే, 1974 నాటి లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ నుంచి సొమ్ము తీసుకునే సంస్థలకు, 1996 నుంచి, వేలమంది తరఫున ఒకే దావా వేయడానికి వీల్లేకుండా పోయింది. ఇలాంటి ఆంక్షలు ఉన్నచోట, ప్రభుత్వ సొమ్ము ముట్టని సంస్థలే కొన్ని కేసులు వేయగలవు, అవి పూర్తిగా దాతల మీదే బతుకుతాయి. ఒక్క ఫోనుతో ఈ సంగతి తెలిసిపోతుంది, అడగండి.

పన్ను మినహాయింపు దేశాన్ని బట్టి, సంస్థ నమోదును బట్టి మారుతుంది. రసీదు తీసుకోండి, అంతకుమించి దాని గురించి ఆలోచించకండి.

పని చేయడానికి వెళ్తే

ఒక సాయంత్రం ఒకావిడ ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలతో వచ్చింది. ఆమె హాజరు కాలేదని ఇల్లు ఖాళీ చేయమంటూ కోర్టు ఉత్తర్వు ఇచ్చేసింది. నోటీసు తనకు ముందుగా అందలేదని ఆమె అంటోంది, కానీ చేతిలో రుజువు లేదు. న్యాయవాది ఇంకో కేసులో ఉన్నారు. సంచిలోవన్నీ తేదీల వారీగా పేర్చమని నాకు అప్పగించారు. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, మందుల చీటీలు, పిల్లల బడి కాగితాలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. బల్ల మీద చోటు చాలక నేల మీద కూడా పరిచాను. రెండు గంటలు దాటాక ఒక ఖాళీ కవరు చేతికొచ్చింది. వెనకవైపు పిల్లవాడెవరో పెన్సిలుతో కూడికలు చేసుకున్నాడు. పారేయబోయి ముందువైపు తిప్పాను. కోర్టు నోటీసు వచ్చిన కవరది. తపాలా ముద్ర మీది తేదీ, ఆమె కోర్టుకు రావలసిన రోజుకు నాలుగు రోజుల తర్వాతిది.

ఆ ఉత్తర్వును న్యాయవాది తర్వాత కోర్టులో రద్దు చేయించారు. ఆ రాత్రి వెళ్లేటప్పుడు ఆవిడ నన్నడిగింది: “ఇల్లు నిలుస్తుందా, నాయనా?” నాకు తెలిసినా చెప్పకూడదు. చట్టపరమైన సలహా ఇచ్చే అర్హత నాకు లేదు, నేనన్న మాటను నమ్మి ఆమె ఏదైనా చేస్తే నష్టపోయేది ఆమే. “రేపు న్యాయవాది గారు మీతో మాట్లాడతారమ్మా” అన్నాను. ఈ పనిలో నాకు కష్టమనిపించేది ఆ ఒక్క మాటతో ఆగిపోవడమే. మీరు వెళ్లాలనుకుంటే ముందే తెలుసుకోవలసింది కూడా అదే. న్యాయవాది కాని కార్యకర్త కాగితాలు పేర్చవచ్చు, తేదీలు గుర్తు చేయవచ్చు, ఫారాలు నింపడంలో తోడు ఉండవచ్చు, కోర్టు వరండాలో పక్కన కూర్చోవచ్చు, భాష తెలియనివారికి అనువదించవచ్చు. ‘నీ కేసు గెలుస్తుంది’ అని మాత్రం అనకూడదు. విన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు.

ఏడాది మాట ఎందుకు అంటున్నానో చెప్పాలి. నేను చేరిన కొత్తలో వాయిదాకు రెండు రోజుల ముందు కక్షిదారులకు ఫోను చేసి గుర్తు చేసే పని ఒప్పుకున్నాను. ఉద్యోగంలో ఒత్తిడి పెరిగి మూడు వారాలు వెళ్లలేదు, వెళ్లలేనని ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యలో ఒకాయన వాయిదా తప్పాడు, వారెంటు జారీ అయింది. దాన్ని రద్దు చేయించడానికి న్యాయవాదికి ఒక రోజంతా పట్టింది, ఆ కక్షిదారుకు ఒక రోజు కూలి పోయింది. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. డబ్బు పంపడం ఒక నెల ఆపితే సంస్థ ఎలాగో సర్దుకుంటుంది. మనిషి ఆధారపడిన పనిని చెప్పకుండా ఆపితే ఆ మనిషి దెబ్బతింటాడు. అప్పటి నుంచి రాలేని వారం ముందే చెప్పి, నా బదులు ఎవరు చేస్తారో తేల్చుకున్నాకే మానుతున్నాను.

సంస్థ వైపు ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోండి. కొత్త కార్యకర్తకు శిక్షణ ఇవ్వాలి, గోప్యత నియమాలు నేర్పాలి, ఎదుటి పక్షంతో బంధుత్వమో వ్యాపార సంబంధమో లేదని చూసుకోవాలి. ఇదంతా చేసేది ఊపిరాడనంత పనిలో ఉన్న న్యాయవాదే. నెల తిరగకముందే మానేసే కార్యకర్త వల్ల సంస్థకు మిగిలేది నష్టమే. ఏడాది నిలవలేనివారు ఒక రోజులో ముగిసే పనులు అడగాలి. ఉచిత న్యాయ శిబిరంలో వచ్చినవారి పేర్లు రాసుకోవడం, ఒక నివేదికను అనువదించడం, పాత ఫైళ్లను స్కాన్ చేయడం లాంటివి ఎప్పుడూ ఉంటాయి.

న్యాయవాదుల లెక్క వేరు. అమెరికన్ బార్ అసోసియేషన్ తన నమూనా నియమాల్లో ఏడాదికి కనీసం 50 గంటలు ఉచిత సేవకు కేటాయించమని న్యాయవాదులను కోరుతుంది. తప్పనిసరి కాదు, ఆశయం మాత్రమే. మీరు న్యాయవాది అయి, ఆ రంగంలో అనుభవం ఉంటే, దయచేసి డబ్బుతో సరిపెట్టకండి. మీ గంటకు సమానమైనది సంస్థ డబ్బుతో కొనుక్కోలేదు. ఎప్పటికి ముగుస్తుందో తెలియని కేసు కన్నా మొదలూ చివరా ఉన్నదాన్ని తీసుకోండి: ఒక జామీను పిటిషన్, ఒక అప్పీలు, ఒక చట్ట సమస్య మీద పరిశోధన. కంపెనీల ఒప్పందాలు రాసే న్యాయవాదికి క్రిమినల్ కోర్టు కొత్త. అలాంటివారు నేరుగా కేసు ఎత్తుకోవడం కన్నా సంస్థ అద్దె ఒప్పందాలు, ఉద్యోగ నియమాలు, నమోదు పత్రాలు చూసిపెట్టడం మేలు. తెలియని రంగంలో ఉచితంగా చేసిన పొరపాటును కూడా అనుభవించవలసింది కక్షిదారే.

ఇతర వృత్తులవారిని సంస్థలు అడగడానికి మొహమాటపడతాయి, మీరే ముందుకు రండి. హింసకు గురైనవారి ఒంటి మీది గాయాలను పరీక్షించి నివేదిక రాయగల డాక్టరు, పద్దులు సరిచూసే అకౌంటెంటు, వందల కేసుల వివరాల్లోంచి ఒక ధోరణిని బయటికి తీయగల గణాంకాల మనిషి, అరుదైన భాష తెలిసినవారు. ఆశ్రయం కోరి వచ్చినవాడి భాష తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరే ఉండవచ్చు. ఆ ఒక్కరూ మీరైతే ఈ వ్యాసంలోని మిగతా సలహా ఏదీ మీకు వర్తించదు, ఈరోజే ఫోను చేయండి.

సంస్థను ఎలా పరీక్షించాలి

నమోదు ఉందా, ఆడిట్ అయిన లెక్కలు ఏటా బయటపెడుతున్నదా అన్నవి అందరూ చూసేవే. వాటికి తోడు నేను చూసేవి మరికొన్ని ఉన్నాయి. వార్షిక నివేదికలో ఓడిపోయిన కేసుల గురించి ఉందా? అన్నీ గెలుపులే కనిపిస్తే, ఆ సంస్థ తేలిక కేసులే ఎంచుకుంటున్నదో, కష్టమైనవి దాచిపెడుతున్నదో అన్న అనుమానం నాకు వస్తుంది. కక్షిదారుల ఫొటోలు, పేర్లు విరాళాల ప్రకటనల్లో ఉన్నాయా? ఉంటే వాళ్ల అనుమతి తీసుకున్నారా, కేసు నడుస్తుండగానే వేశారా అని అడుగుతాను. భర్త నుంచి దాక్కుంటున్న స్త్రీ ముఖం విరాళాల కరపత్రం మీద చూసిన రోజు ఆ సంస్థకు నేను పంపడం ఆపేశాను.

ఒక్కో న్యాయవాది చేతిలో ఎన్ని కేసులున్నాయి, న్యాయవాదులు ఎన్నేళ్లు నిలుస్తున్నారు అని కూడా అడగండి. రెండు ప్రశ్నలకూ జవాబు ఉన్న సంస్థ తన పనిని తాను గమనించుకుంటున్నదని అర్థం. కేసులను ఎలా ఎంచుకుంటారు, కాదన్నవారిని ఎక్కడికి పంపుతారు అన్నది మరో ప్రశ్న. ఏ సంస్థా అందరినీ తీసుకోలేదు. కాదన్నప్పుడు ఉట్టి చేతులతో పంపకుండా ఇంకో చోటు చూపించే సంస్థను నేను నమ్ముతాను.

మీ పరిస్థితిని బట్టి

విద్యార్థి అయితే డబ్బు గురించి బెంగ వద్దు, సమయం ఇవ్వండి. చట్టం చదువుతున్నవారికి సంస్థలోని ఒక వేసవి, తరగతి గదిలోని ఏడాదికి తీసిపోదు. ఉద్యోగం, చిన్న పిల్లలు ఉన్నవారు నెలవారీ విరాళంతో ఆగిపోండి, దాన్ని చిన్నచూపు చూసుకోకండి. రిటైరైనవారి కోసం ఇలాంటి సంస్థలు ఎదురుచూస్తుంటాయి. పగటిపూట ఖాళీ, వినే ఓపిక, కాగితాలతో అలవాటు, మూడూ ఒకే మనిషిలో దొరకడం అరుదు. మా దగ్గర వారెంట్లు, వాయిదాలు, నకళ్ల దరఖాస్తులు అన్నీ చూసేది ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. ఆవిడ రాని రోజున ఆఫీసు తడబడుతుంది.

తాను స్వయంగా అలాంటి అన్యాయాన్ని అనుభవించినవారు సాయపడాలని వస్తే నేను చెప్పేది వేరుగా ఉంటుంది. కక్షిదారులు మీతో మాట్లాడినంత నమ్మకంగా మాతో మాట్లాడరు. కానీ ప్రతి కథా మీ పాత గాయాన్ని రేపుతుంది. మొదట ఫైళ్ల పనితో చేరండి, మనుషులతో కూర్చునే పని కొన్ని నెలల తర్వాత తీసుకోండి, మధ్యలో ఆగాలనిపిస్తే ఆగుతానని ముందే చెప్పిపెట్టండి.

ఇంకా తేలకపోతే ఒక పని చేయండి. మూడు నెలలపాటు ఒక సంస్థకు చిన్న మొత్తం పంపుతూ వాళ్ల నివేదికలు చదవండి. తర్వాత ఫోను చేసి, ‘ఈ నెలలో మీకు ఏ పనికి మనిషి లేరు?’ అని అడగండి. ‘నేను ఫలానాది చేయగలను’ అని మొదలుపెడితే మిమ్మల్ని నొప్పించలేక ఏదో ఒక పని చెబుతారు. మొదటి ప్రశ్నకు నాకు వచ్చిన జవాబు, గురువారం సాయంత్రాలు ఫోను ఎత్తడానికి ఎవరూ లేరని. నేను వెళ్తున్నది ఇప్పటికీ గురువారాలే.